పాత తోట ట్రాక్టరుకు కొత్త ఇంజను

పాతబడిన చిన్న ట్రాక్టరులో పని చెడిన ఇంజనును తీసివేసి, దాని స్థానమున వేరొక ఇంజనును కూర్చుట ఎట్లు, కూర్చుటకు ముందు ఆలోచింపవలసినవి ఏవి అను విషయమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచినాను. ఇది ఇనుము, చమురు, బోల్టులు, కొలతలు గల విషయమే కాని కావ్యగోష్ఠి కాదు. అయినను సికిందరాబాదు మెట్టుగూడలో కాపురముండువానికి ఇట్టి విషయమున రెండు మాటలు చెప్పుటకు కొంత అధికారము దానంతటదియే సంక్రమించును. నిజాము రైల్వేవారు 1893లో లాలాగూడలో నెలకొల్పిన కర్మాగారము మాకు కూతవేటు దూరములోనే ఉన్నది; తాత బాయిలరు దగ్గర, తండ్రి బోగీల దగ్గర, కొడుకు లేతు దగ్గర పనిచేసిన కుటుంబములు ఈ వీధులలో నేటికిని కలవు; 2017లో మెట్రో రైలు మా నెత్తిమీదుగా పరుగెత్త నారంభించిన తరువాత కూడ, క్రింది సందులలో పానాల చప్పుడు, ఆకురాతి రాపిడి ఆగిపోలేదు. ఉద్యోగవిరమణ చేసిన రైల్వే ఫిట్టరు చేతికి పని లేక ఊరకుండలేడు; అతని యింటి ముందటి రేకుల షెడ్డులో ఏదో ఒక యంత్రము పొట్ట విప్పుకొని పడియుండుట మా పేటలో సర్వసాధారణమైన దృశ్యము.

ఆ షెడ్డులకు తోట ట్రాక్టరులు వచ్చుటయు వింత కాదు. తార్నాక వైపు నడచినచో ఒకవంక ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణము, మరియొకవంక పోషకాహార పరిశోధనకును రసాయన పరిశోధనకును ఏర్పడిన జాతీయ సంస్థల ఉద్యానములు. అటుపైన ఘట్‌కేసరు దారిలో నర్సరీలు, జామ, సపోటా, మామిడి తోటలు. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపట్ల ప్రసిద్ధి కెక్కిన అనాబెషాహి ద్రాక్షతోటలలో పందిరి గుంజల నడుమ పెద్ద ట్రాక్టరు మెసలుట కష్టము. అట్టి చోట్ల పది పదునైదు అశ్వశక్తుల చిన్న యంత్రమునకే విలువ. వరుసల మధ్య దున్నుట, మందు చల్లుట, గడ్డి కోయుట, ఎరువు బండి లాగుట, ఇవి దాని నిత్యకృత్యములు. అట్టి యంత్రములలో గేరుపెట్టె, వెనుక ఇరుసు, చట్రము పోతయినుముతోను దళసరి రేకుతోను చేయబడినవగుటచే ముప్పది నలువది సంవత్సరములు నిలుచును. ఇంజను అంతకాలము నిలువదు. దుమ్ములో పనిచేయు యంత్రమునకు గాలివడపోత గుడ్డ ఒక్క ఋతువు శుభ్రము చేయకున్న చాలును, సన్నని ఇసుక సిలిండరు గోడలను గీకివేయును. గాలిచేత చల్లబడు ఇంజను రెక్కల నడుమ ఎండుగడ్డి ఇరుకుకొన్నచో లోపలి లోహము ఎట్లు ఉడుకుచున్నదో తోలువానికి తెలియనే తెలియదు.

అయితే నేను మొదటనే ఒక మాట చెప్పవలెను. పొగ వచ్చుచున్నదని, బలము తగ్గినదని ఇంజనును పారవేయ సంకల్పించువారిలో అధికులకు ఆ ఇంజనును పారవేయవలసిన అవసరమే లేదు. సిలిండరు బోరు చేయించి, పెద్ద కొలత పిస్టనును రింగులను వేసి, వాల్వులను గ్రైండు చేయించి, హెడ్డును ఫేసింగు చేయించినచో, పాత ఇంజను మరి పది సంవత్సరములు దున్నగలదు. క్రాంకు షాఫ్టు విరిగినప్పుడో, కనెక్టింగు రాడ్డు తెగి ఇంజను గోడను పొడిచి బయటకు వచ్చినప్పుడో, లేదా ఆ ఇంజనును చేసిన కార్ఖానాయే మూతబడి విడిభాగములు భూమిమీద ఎచ్చటను దొరకనప్పుడో, అప్పుడు మాత్రమే మార్పిడిని గూర్చి ఆలోచించుట వివేకము. కొత్త ఇంజను మీది మోజు వేరు, అవసరము వేరు.

ఇంజను మార్పిడి మన మిస్త్రీల జుగాడు మాత్రమే యని తలచువారున్నారు; అది సరి కాదు. ఇంగ్లండులో 1946 నుండి 1956 వరకు అయిదు లక్షలకు పైగా తయారైన ఫెర్గూసన్ టి.ఇ. 20 అను చిన్న ట్రాక్టరు, బూడిదవర్ణపు శరీరముతో లోకమంతట వ్యాపించినది; అది మొదట పెట్రోలు ఇంజనుతో పుట్టినది. దానిలో ఆ ఇంజనును తీసి మూడు సిలిండరుల పర్కిన్స్ పి-3 డీసెలు ఇంజనును కూర్చుట ఆ దేశములో ఒక నిర్ణీతమైన వ్యాపారముగనే సాగినది. పీటర్‌బరోలో 1932లో స్థాపితమైన ఆ పర్కిన్స్ సంస్థ అందులకు కావలసిన అతుకుపలకలను, బోల్టులను, గొట్టములను సహితము సమకూర్చెను. మన చెన్నపట్నములోని సింప్సన్ కంపెనీ ఆ పర్కిన్స్ ఇంజన్లనే మన దేశమున తయారుచేయుటచే, పెట్రోలు బండ్లకు డీసెలు ఇంజనును వేయించుట దక్షిణదేశమున లారీ యజమానులకు బాగుగా అలవడిన విద్య అయ్యెను. కాని ఆ మార్పిడికిని, నేడు మన షెడ్డులో జరుగు మార్పిడికిని ఒక భేదము కలదు. అచ్చట ఇంజనును అమ్మినవాడే కొలతలు చూచి అతుకుపలకను పోతపోసి ఇచ్చెను. ఇచ్చట కొలత చూచుట, పలక కోయుట, తప్పు జరిగిన నష్టము భరించుట, మూడును యజమానియు మిస్త్రీయు కలిసి మోయవలసిన భారములే.

ఇక మనకు అంగడిలో దొరకు ఇంజను ఎట్టిదో చూతము. సికిందరాబాదు రాణీగంజులో వరుసగా బారులు తీరియున్న దుకాణములలో కనబడు చిన్న డీసెలు ఇంజన్లలో అధికభాగము నిమిషమునకు 1,500 చుట్లు తిరుగునట్లు నిర్మింపబడినవి. ఈ 1,500 అను సంఖ్య ఎక్కడనుండి వచ్చినది? మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహించును. నాలుగు ధ్రువములు గల ఆల్టర్నేటరు ఆ 50 ఆవృత్తులను ఇయ్యవలెనన్న నిమిషమునకు సరిగా 1,500 చుట్లు తిరుగవలెను. నీటి పంపులకును దాదాపు అదియే అనుకూలమైన వేగము. అనగా ఈ ఇంజన్లు బావిగట్టు కొఱకును విద్యుదుత్పత్తి కొఱకును పుట్టినవే కాని బండి లాగుట కొఱకు పుట్టినవి కావు. మన ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో విద్యార్థులు పరీక్షలు జరుపు కిర్లోస్కర్ ఒంటి సిలిండరు ఇంజను ఈ జాతిలోనిదే: 87.5 మిల్లీమీటర్ల వ్యాసము, 110 మిల్లీమీటర్ల స్ట్రోకు, 661 ఘనసెంటీమీటర్ల పరిమాణము, 1,500 చుట్లవద్ద 4.4 కిలోవాట్లు, అనగా సుమారు ఆరు అశ్వశక్తులు. అది మహాసాధువు, ఒక్క వేగమున నిలిచి రాత్రింబవళ్లు పనిచేయును. కాని ఆ ఒక్క వేగమున నిలుచుటయే ట్రాక్టరులో దాని దోషము. దాని గవర్నరు వేగము తగ్గినచో ఇంధనమును పెంచి, పెరిగినచో తగ్గించి, ఎప్పుడును ఒకే చోట నిలుపుటకు ఏర్పడినది. గట్టు మలుపు తిరుగునప్పుడు నెమ్మదించుటకును, సాలులో వేగము హెచ్చించుటకును తోలువాని చేతిలో ఒక మీట ఉండవలెను గదా! కనుక గవర్నరు స్ప్రింగును ఒక లీవరుకు కలిపి, ఆ లీవరును తీగతో తోలువాని దగ్గరకు తెచ్చుట, లేదా మొదటనే వేగము మార్చుకొను గవర్నరు గల ఇంజనును కొనుట తప్పనిసరి. గవర్నరును విప్పి పారవేసి, ఇంధనపు కడ్డీకి నేరుగా తీగ కట్టు దుస్సాహసమును కొందరు చేయుదురు. బరువు ఒక్కసారి తొలగినప్పుడు అట్టి ఇంజను పరుగును ఆపువాడు లేక అది తన్ను తానే చీల్చుకొనును.

వేగముల లెక్క తప్పుట ఈ పనిలో అన్నిటికంటె ఎక్కువగా జరుగు ప్రమాదము. దానిని కొంచెము సావకాశముగా చెప్పెదను. పాత పెట్రోలు ఇంజను నిమిషమునకు 3,600 చుట్లు తిరుగుచు, 100 మిల్లీమీటర్ల పుల్లీ ద్వారా బెల్టును నడుపుచుండెననుకొందము. దాని చోట 1,500 చుట్ల డీసెలును పెట్టి బండి నడక పూర్వమువలెనే ఉండవలెనన్నచో పుల్లీ 240 మిల్లీమీటర్లది కావలెను. అంత పుల్లీ బానెట్టు క్రింద పట్టదు. పట్టించుటకై చట్రమును కోయ మొదలిడుదురు. అచ్చటనుండి కష్టములన్నియు ఒకదాని వెనుక ఒకటి వచ్చును. పుల్లీ మార్చక పాతదానినే ఉంచినచో బండి సగము నడకకంటె తక్కువగా నడచును. మరి బెల్టు లేక ఇంజనును క్లచ్చి ద్వారా నేరుగా గేరుపెట్టెకు బిగించు యంత్రములలో మరియొక ఉపద్రవము కలదు. అయిదు అశ్వశక్తులు 3,600 చుట్లవద్ద షాఫ్టుకు ఇచ్చు మెలిబలము ఎంతయో, అవే అయిదు అశ్వశక్తులు 1,500 చుట్లవద్ద ఇచ్చునది దానికి 2.4 రెట్లు. కాగితముమీద అశ్వశక్తి సమానమే. గేరు పండ్లకు మాత్రము సమానము కాదు. అందులోను ఒంటి సిలిండరు నాలుగు స్ట్రోకుల డీసెలు రెండు చుట్లకు ఒక్కమారు మాత్రమే బలము నిచ్చును గనుక ఆ బలము ప్రవాహముగా రాదు, దెబ్బలుగా వచ్చును. ముప్పదియేండ్లు పెట్రోలు ఇంజనుకు అలవడిన గేరుపెట్టె ఆ దెబ్బలకు ఎన్నినాళ్లు ఓర్చునో చెప్పజాలము.

యంత్రము వెనుకనుండి పనిముట్లను నడుపు పి.టి.ఓ. షాఫ్టును గూర్చియు ఇదే లెక్క. నిమిషమునకు 540 చుట్లు అను ప్రమాణము అమెరికాలో మొదట స్థిరపడి, నేడు లోకమంతట చెల్లుచున్నది. మందు చల్లు పంపు గాని, రోటవేటరు గాని ఆ వేగమును నమ్ముకొనియే తయారగును. పాత ఇంజను 2,400 చుట్లు తిరిగినప్పుడు 540 ఇచ్చిన షాఫ్టు, కొత్త ఇంజను 1,500 మాత్రమే తిరిగినచో 337 దగ్గరనే ఆగిపోవును. అప్పుడు మామిడిపూతకు మందు పడదు. యజమాని పంపును తిట్టును. పంపు పాపము నిర్దోషి.

తిరుగు దిశను గూర్చి కూడ చెప్పవలెను. చిన్న ఇంజన్లలో అధికసంఖ్యాకములు, బలము బయటకు వచ్చు షాఫ్టు చివర నిలిచి చూచినచో, గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగును. కనుక ఇంజను ఏదైన నేమి అని ఉపేక్షింపరాదు; ఏ చివరనుండి బలము తీయుచున్నాము అనునది అంతటిని తలక్రిందులు చేయును. ఇంటర్నేషనల్ హార్వెస్టరువారి కబ్ కేడెట్ అను అమెరికా తోట ట్రాక్టరులో ఇంజను ఫ్లైవీలు ఉన్న కొననుండియే వెనుకకు బలము పోవును. దానిలో సాధారణపు ఇంజనును షాఫ్టు వెనుకకు తిప్పి కూర్చినచో దిశ మారిపోయి, ముందునకు పోవలసిన గేరులన్నియు వెనుకకును, వెనుకకు పోవలసిన ఒక్క గేరు ముందునకును పోవును. కనుక అచ్చట ఫ్లైవీలుకే ఒక అతుకు తయారుచేసి బలమును తీయుదురు. బెల్టుతో నడుచు యంత్రములలో ఇంజనును అడ్డముగా పెట్టుదురు గదా, పుల్లీ కుడివైపునకు వచ్చుటకును ఎడమవైపునకు వచ్చుటకును ఇదే భేదము. పూర్వపు పిండిమరలలో చదునైన బెల్టును ఎనిమిది అంకె ఆకారమున మెలిపెట్టి దిశను మార్చెడివారు. నేటి వి-బెల్టును అట్లు మెలిపెట్టినచో ఒరసికొని రెండు దినములలో పీచులు లేచును.

మెట్టుగూడ షెడ్డులో నేను చూచిన పనితీరు ఒకటి చెప్పెదను. నర్సరీ గల ఒక రైతు తన ట్రాక్టరును లారీలో వేయించుకొని వచ్చెను. చట్రము దృఢముగా ఉన్నది; పాత ఇంజనును విప్పి మూలన పెట్టినారు. ఆయనకు పాతదానికి రెట్టింపు బలము గల ఇంజను కావలెను. "ఉస్తాద్, దీంట్ల ఎంత పెద్ద ఇంజను పడ్తది?" అని అడిగెను. లాలాగూడలో చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందిన ఆ మిస్త్రీ తల యెత్తకయే, "ఎంత పెద్దది పడ్తదో తర్వాత చూద్దాం పటేలా, ఎంత తట్టుకుంటదో ముందుగల్ల చూడాలె" అనెను. ఈ విద్యలోని సారమంతయు ఆ ఒక్క వాక్యములో ఉన్నదని నా అభిప్రాయము. గేరుపెట్టె ఎంతకు పుట్టినదో అంత ఇంజనే దానికి తగినది. మించిన బలము నేలకు చేరదు, పండ్లు విరుగుటకు మాత్రమే పనికివచ్చును.

తరువాత ఆ మిస్త్రీ కొలతలకు పూనుకొనిన విధము శ్రోతలకు ఉపయోగించును. ఒక అట్టపెట్టెను చీల్చి చదునుచేసి పాత ఇంజను అడుగున పరచి, రంధ్రముల అంచులవెంట గుండ్రని సుత్తితో మెల్లగా తట్టెను. గాస్కెట్టు కోయువారు చేయునదియే. అట్ట తనంతట తానే రంధ్రముల అచ్చును చూపి తెగినది. ఆ అట్టపైననే షాఫ్టు నడిమి గీతను, అడుగు పలకనుండి షాఫ్టు కేంద్రమునకు గల ఎత్తును, పుల్లీ నిలువు గీతను సుద్దముక్కతో గుర్తించి, ఆ అట్టను చుట్టి రైతు చేతికిచ్చి రాణీగంజునకు పొమ్మనెను. అంగడివాడు చూపిన ఇంజను అడుగున ఆ అట్టను పరచి చూచినచో చాలును. బేరమునకు ముందే నిజము బయటపడును. అదియు చాలదని, షాఫ్టు వ్యాసమును వెర్నియరుతో కొలిచి అట్ట మూలన వ్రాసెను. అది ఎందులకనగా, అమెరికా కొలతల షాఫ్టు ఒక అంగుళము, అనగా 25.4 మిల్లీమీటర్లు, మెట్రిక్ కొలతల షాఫ్టు 25 మిల్లీమీటర్లు. హోండా జి.ఎక్స్. 390 వంటి సుప్రసిద్ధమైన పెట్రోలు ఇంజను ఈ రెండు విధములుగను దొరకును. కంటికి రెండును ఒకటే. అంగుళపు పుల్లీని 25 మిల్లీమీటర్ల షాఫ్టుపై తొడిగినచో తొడుగుకొనును, బిగించు మరకు బిగియును, ఇంజను నడుచును కూడ. కాని ఆ నాలుగు దశాంశముల సందులో పుల్లీ కదలుచు కదలుచు కీ గాడిని తిని, నడివేసవిలో పనివేళ ఒకనాడు షాఫ్టును పాడుచేసి విడుచును.

ఇంజనును అమర్చుటలో వరుస కుదుర్చుటకు పట్టు కాలమే ఎక్కువ. షాఫ్టుకు షాఫ్టు నేరుగా కలియుచోట, రెండు కప్లింగుల నడుమ ఫీలరు గేజిని పెట్టి పైన, క్రింద, ఇరుప్రక్కల సందును చూడవలెను. తరువాత కప్లింగును పావుచుట్టు త్రిప్పి మరల చూడవలెను. నాలుగు పావులలోను సందు ఒక్కటిగా ఉన్నప్పుడే అది వరుస కుదిరినట్లు. కుదరకున్నచో ఇంజను కాళ్ల క్రింద పలుచని ఇత్తడి రేకులను పెట్టవలెను. మా మిస్త్రీలు దానిని ప్యాకింగు వేయుట యందురు. బోల్టు బిగించిన పిమ్మట మరల కొలువవలెను, ఏలనన బిగించునప్పుడు చట్రమే వంగును. బెల్టు యంత్రములలో పని సులువు: రెండు పుల్లీల ముఖములకు ఒక దారమును బిగలాగి పట్టినచో నాలుగు అంచులను తాకవలెను. ఇక బరువు: చిన్న పెట్రోలు ఇంజను ముప్పది కిలోలు తూగునప్పుడు, అదే బలము గల పోతయినుప డీసెలు నూరు కిలోలకు మించి తూగును, ముందు ఇరుసు బుష్షులు, స్టీరింగు ఆ బరువును మోయవలసివచ్చును. కొంత బరువు ముందుండుట దున్నునప్పుడు మేలే. కాని మెత్తని నేలలో ముందు చక్రములు కూరుకొనిపోవును.

వేడిమిని గూర్చి మన ప్రాంతమువారు ప్రత్యేకముగా జాగ్రత్త వహింపవలెను. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలి కొంత పలుచన. ఆపైన మే నెలలో నలువది డిగ్రీలు దాటు ఎండ. ఈ రెంటిచేతను ఇంజను పలకమీద వ్రాసిన బలము సంపూర్ణముగా రాదు. బావిగట్టుమీద నీటితో చల్లబడు ఇంజనుకు బావినీరే ప్రవహించుచుండును. ట్రాక్టరుపై ఆ భాగ్యము లేదు గనుక రేడియేటరును, నీటిపంపును వేరుగా అమర్చవలెను. గాలితో చల్లబడు ఇంజనుకు చుట్టును ఉండు రేకుల తొడుగు అలంకారమని తలచి, బానెట్టు పట్టుటకై దానిని విప్పి పారవేయువారున్నారు. ఫ్లైవీలు విసరు గాలిని సిలిండరు రెక్కలమీదికి నడుపునది ఆ తొడుగే. అది లేనినాడు గాలి ఎటో పోవును, సిలిండరు పట్టివేయును. వేడిగాలి బానెట్టు క్రిందనే తిరుగాడక బయటకు పోవు దారిని కూడ చూపవలెను. సైలెన్సరు మూతి తోలువాని ముఖమువైపునకు గాని, ఇంధనపు టాంకీవైపునకు గాని రాకూడదు. కోతకు వచ్చిన ఎండుగడ్డిలో పనిచేయునప్పుడు క్రిందికి వంగియుండుటయు మంచిది కాదు.

విద్యుత్తు తీగలు చిన్నవే కాని పెద్ద నష్టము చేయును. మాగ్నెటోతో నడుచు పెట్రోలు ఇంజను ఆగవలెనన్న దాని తీగను చట్రమునకు తాకించవలెను. బ్యాటరీ, కాయిలుతో నడుచు ఇంజను ఆగవలెనన్న తీగను విడదీయవలెను. ఒకటి కలుపుట, మరొకటి విడదీయుట. పాత యంత్రపు తాళపు స్విచ్చికి కొత్త ఇంజను తీగను యథాలాపముగా కలిపినచో, 12 వోల్టుల బ్యాటరీ బలము మాగ్నెటో కాయిలులోనికి పోయి దానిని కాల్చివేయును. డీసెలుకు ఈ రెండును పనికిరావు. ఇంధనము ఆపిననే అది ఆగును గనుక ఆపు మీటకు ఒక తీగను తోలువాని చేతికందునట్లు తప్పక ఏర్పరచవలెను. బానెట్టు లేపి చేయి పెట్టి ఆపవలసిన ట్రాక్టరును ఎవ్వరును తోలరాదు. పెట్రోలు ఇంజనునే ఉంచదలచినవారికి మరియొక మాట: ఇప్పుడు బంకులలో వచ్చు పెట్రోలులో ఇథనాలు నూటికి ఇరువది పాళ్లవరకు కలియుచున్నది. పాత రబ్బరు గొట్టములు, కార్బురేటరులోని పాత వాషర్లు దానికి ఉబ్బి మెత్తబడును. ఇంజను మార్చునప్పుడే టాంకీనుండి కార్బురేటరువరకు గొట్టములన్నిటిని మార్చుట స్వల్పవ్యయము. తరువాత చమురు కారి నిప్పంటుకొనుట బహువ్యయము.

చట్టమును గూర్చియు మరువరాదు. తోట కంచె దాటి రోడ్డుమీదికి వచ్చు ట్రాక్టరు నమోదై యుండును. దాని పత్రములో ఇంజను సంఖ్య వ్రాసియుండును. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను వాహనములో చేయు మార్పులకు నమోదు అధికారి అనుమతిని విధించుచున్నది. అనుమతి లేక మార్పు జరిగినచో యజమాని పదునాలుగు దినములలోగా దానిని ఆ అధికారికి తెలుపవలెననియు చెప్పుచున్నది. అనుమతిని ముందుగనే పొందుట ఉత్తమము. కొనిన ఇంజను రసీదును పారవేయకుడు. పాత ఇంజను సంఖ్య గల భాగమును తుక్కువానికి అమ్ముటకు ముందు దాని సంఖ్యను వ్రాసి ఉంచుకొనుడు. పాత సామానులో చవకగా దొరికిన ఇంజను ఎవరిదో, ఎచ్చటనుండి వచ్చినదో తెలియక కొన్నవారు పోలీసు స్టేషను మెట్లెక్కుటయు కలదు.

ఇంతటి ప్రయాస ఎందులకు కలుగుచున్నదని ఆలోచించిన, ఒక ఇంజను కాళ్లకును మరొక ఇంజను కాళ్లకును పొంతన లేకుండుటయే ప్రధానకారణమని తేలును. చైనావారి నడక ట్రాక్టరులలో ఎస్-195 అను ఒంటి సిలిండరు డీసెలు ఒకటి కలదు: 95 మిల్లీమీటర్ల వ్యాసము, 115 మిల్లీమీటర్ల స్ట్రోకు, 12 అశ్వశక్తులు. ఆ ఒక్క నమూనాను అచ్చట ఎన్నో కార్ఖానాలు చేయుచుండుటచే ఒక ఊరి ఇంజను పోయిన మరియొక ఊరి ఇంజను వచ్చి ఆ బోల్టులమీదనే కూర్చుండును. పొలము చేయువాడు కొలబద్ద పట్టవలసిన పని లేదు. ఆ ఇంజను నాణ్యమును గూర్చి నాకు గొప్ప అభిప్రాయము లేదు. దాని కాళ్ల విషయమున మాత్రము ఆ దేశమువారిని మెచ్చుకొనక తప్పదు. మన తయారీదారులు అశ్వశక్తిని, మైలేజిని పెద్ద అక్షరములతో ప్రకటింతురు. షాఫ్టు ఎత్తును, బోల్టు రంధ్రముల దూరమును, తిరుగు దిశను తెలుపు పటమును అడిగిననే గాని చూపరు. విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు విద్యార్థులు తమ ప్రయోగశాలలో మన చిన్న ఇంజన్లను ఎన్నియో మారులు పరీక్షించెదరు. రాణీగంజులో దొరకు చిన్న ఇంజన్ల కాళ్ల కొలతలను, షాఫ్టు కొలతలను ఒక చిన్న తెలుగు పట్టికగా అచ్చువేసి ఇచ్చినచో, ఒక పరిశోధనపత్రముకంటె అది మన రైతులకు ఎక్కువ ఉపకారము చేయగలదని నా నమ్మకము.

చివరగా, ఇంజను మార్పించుకొనదలచిన శ్రోతలకు నా విన్నపము. గ్యాసు కట్టరుతో చట్రమును కోయుటకు మిస్త్రీ పూనుకొనినచో ఒక్క నిమిషము ఆపుడు. చట్రమునకు రంధ్రము చేయక, పాత రంధ్రములకే బిగియునట్లు పది పన్నెండు మిల్లీమీటర్ల దళసరి ఇనుపపలకను వేయించి, కొత్త ఇంజనుకు కావలసిన రంధ్రములను ఆ పలకలోనే చేయించుడు. ఖర్చు కొంచెము హెచ్చును. కాని కొత్త ఇంజను కూడ ఒకనాడు పాతబడును, అప్పుడు దానిని విప్పి మరొకదానిని పెట్టుటకు చట్రము చెక్కుచెదరక ఉండవలెను. ఆ పలక కొలతలను ఒక కాగితముపై వ్రాయించి, ట్రాక్టరు పత్రములతోపాటు భద్రపరచుడు.